గవ్వలో రెండో చుక్క

సర్వర్ల గది, కింది అంతస్తు

నా జంటని కొట్టేశావు.

ఇంకెవరో కాదు, నువ్వే. మీ బృందం పేజీ తెరిచి చూశాను. బయటివాళ్లు పంపిన గెలాక్సీల్లో నాది కూడా ఉంది. దాని మీద అడ్డంగా గీత, పక్కన రెండే మాటలు: "అద్దం దోషం". కింద నీ పొట్టి సంతకం. అది నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? చిన్నప్పుడు నా మార్కుల కార్డు మీద నాన్న సంతకం గీసిచ్చిన చెయ్యే కదా.

అక్కా అని మొదలుపెడదామంటే కలం కదలట్లేదు. పలకరింపులు తర్వాత. ముందు ఇది తేలాలి.

నేను చేసేది ఏసీల పని. కాదనను. మీరు అంతరిక్షంలోంచి దింపుకున్న బొమ్మలన్నీ ఉండేది ఈ గదిలోనే, ఇక్కడి డిస్కులు వేడెక్కితే మీ ఆకాశమంతా ఆవిరైపోతుంది, అలా కాకుండా చూడటానికి నాకు జీతం ఇస్తున్నారు. డిప్లొమా సగంలో వదిలేశాను. కోడింగ్ నాకెవరూ నేర్పలేదు, తప్పులు చేసి, కంప్యూటర్‌తో తిట్లు తిని నేర్చుకున్నాను. పాత బొమ్మలు ఎవరైనా తీసి చూసుకోవచ్చని మీరే రాసిపెట్టారు. సరే కదా అని చూశాను. రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను.

అసలు నాకు ఈ పిచ్చి అంటించిందే నువ్వు. పోయినసారి వచ్చినప్పుడు, ఊడిన చొక్కా గుండీలు రెండు బల్ల మీద తిప్పుతూ చెప్పావు. రెండు గెలాక్సీలు గుద్దుకుంటే వాటి నడుమ కూర్చున్న రెండు రాకాసి కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ దగ్గరవుతాయనీ, అలాంటి జంటలు బోలెడు ఉండాలనీ, దొరికినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చనీ. గుద్దుకున్నప్పుడు లేచిన దుమ్ములో మామూలు వెలుతురు చచ్చిపోతుంది, వాటిలోకి పడిపోతున్న పదార్థం కాగిపోయి వదిలే ఎక్స్‌రేలు మాత్రం దుమ్ముని చీల్చుకుని వస్తాయి అన్నావు. అన్నం చల్లారిపోతున్నా వింటూ కూర్చున్నాను.

నేను పట్టుకున్న గెలాక్సీ వంకర గవ్వలా ఉంటుంది. అందుకే గవ్వ అంటాను. మీరు దానికి పెట్టిన నంబరు పలకాలంటే నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టుంటుంది. దాన్ని మీ టెలిస్కోపు నాలుగు వేర్వేరు కాలాల్లో, ప్రతిసారీ ఏదో పనిమీద పోతూ పోతూ చూసింది. ఒక్కో బొమ్మలో కాసిని ఫోటాన్లే. నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చాను. నడుమ పెద్ద చుక్క వచ్చింది. దాని ఒళ్లో కూర్చున్నట్టు ఇంకో చిన్న చుక్క. ఒక్క కేక పెట్టాను. జనరేటరు చూసే అన్న నాకు షాక్ కొట్టిందనుకుని చెక్క కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఆ చుక్కనే నువ్వు రెండు మాటల్లో పాతిపెట్టావు. అది పంపింది నేనేనని నీకు తెలుసు. ఫోన్ చెయ్యొద్దులే, ఫోన్లో మనం మాట్లాడుకుంటే రెండు వైపులా పక్కింటివాళ్లు తలుపులు తీస్తారని, గొడవైతే కాగితం మీదే అని అమ్మ పెట్టిన రూలు ఉంది. మరి కాగితం రాయొచ్చుగా? ఒక్క కాగితం?

ఎందుకు కొట్టేశావో చెప్పు.

నీ చెల్లెలు (ప్రస్తుతానికి)


పరిశోధన భవనం, కిటికీ పక్క బల్ల

చిటపటా,

నీ కవరు విప్పితే పొగ వచ్చింది. పక్క బల్లావిడ కిటికీ తీసింది.

నీ మీద చిన్నచూపుతో కొట్టెయ్యలేదే తల్లీ. విను. మా టెలిస్కోపులో ఉండేవి ముఖం చూసుకునే అద్దాలు కావు. గొట్టాల్లా, ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు ఉంటాయి. ఎక్స్‌రే వాటి గోడల్ని ఒరుసుకుంటూ జారిపోయి కెమెరాలో పడుతుంది. ఆ బిగింపులో ఎక్కడో వెంట్రుకవాసి తేడా ఉండిపోయింది. దాంతో బాగా వెలిగే ప్రతి చుక్కకీ ఒక పక్కన చిన్న బుడిపె వస్తుంది. దాన్ని మేం కొక్కెం అంటాం. టెలిస్కోపు లెక్కన అది ఎప్పుడూ ఒకే పక్క ఉంటుంది. ఇక్కడ కొత్తగా చేరినవాళ్లు ప్రతి ఒక్కరూ దాన్ని చూసి జంట దొరికిందని పరిగెత్తుతారు. నేనూ పరిగెత్తాను. మా బృందాన్ని నడిపే పెద్దాయన కళ్లజోడు తీసి, తాపీగా తుడుచుకుని, "కూర్చోమ్మా. ముందు ఊపిరి తీసుకో. ఆ రోజు టెలిస్కోపు తల ఎటు వాల్చిందో చూశావా?" అన్నారు. చూడలేదు.

అసలు పరీక్ష అదే. టెలిస్కోపు తన సోలార్ పలకల్ని సూర్యుడి వైపు పెట్టుకోవాలి కదా, అందుకని అదే గెలాక్సీని ఏడాదిలో ఒక్కో కాలంలో ఒక్కోలా తల వాల్చి చూస్తుంది. ఆరు నెలలకి దాదాపు తలకిందులవుతుంది. కొక్కెం టెలిస్కోపుది కాబట్టి దాంతోపాటే తిరుగుతుంది. నిజమైన చుక్క ఆకాశానిది. అది కదలదు.

నీ చుక్క సరిగ్గా కొక్కెం ఉండే చోట ఉంది. అందుకే ఒక్క చూపుతో కొట్టేశాను. నాకు రాయాల్సింది, రాయలేదు. టెలిస్కోపు టైము దరఖాస్తుల పనిలో మునిగి ఉన్నాను.

కానీ ఒకటి అంతుపట్టట్లేదు. నాలుగు బొమ్మలూ నాలుగు కాలాల్లోవి అంటున్నావు. అలాగైతే కొక్కెం నాలుగు దిక్కుల్లో పడి చెదిరిపోవాలి. నీ బొమ్మలో మేకు కొట్టినట్టు ఒక్క చోటే ఉందేంటి? అవి ఎలా పేర్చావు?

వేళకి తింటున్నావా? ఇది అమ్మ అడగమంది. నేనైతే అడగను, నీ కేకలు వింటే బలంగానే ఉన్నావని తెలుస్తోంది.

అక్క


సర్వర్ల గది

మహారాజశ్రీ అక్కగారికి,

ఎలా పేర్చానా? మనుషులు పేర్చినట్టే. అంచులు కలిపి.

మా గదిలో ప్రతి పెట్టెకీ ఎడమ పక్క ఎర్ర గుర్తు ఉంటుంది. ఎర్ర గుర్తులన్నీ ఒక్క గీతలోకి రావాలి. కరెంటు పోయినా చేత్తో తడిమి ఏ కేబుల్ ఎక్కడుందో చెప్పగలగాలి. ఈ పనిలో చేరినప్పుడు మా మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం అది. గుర్తు పక్కకి పోయిందంటే పెట్టె మొత్తం మళ్లీ పీకించేవాడు. మీ కెమెరా బొమ్మకీ ఒక పై అంచు ఉంది. నాలుగింటి పై అంచులూ కలిపాను. వెంట్రుకవాసి తేడా లేదు, మీ అద్దాల్లా కాదు. నా పేర్పుడుకి వంక పెట్టేముందు నువ్వు

ఆగు.

ఇక్కడిదాకా రాసి కలం పడేశాను. మళ్లీ ఇప్పుడు పట్టుకున్నాను. నడుమ ఒక భోజనం, ఒక ఏసీ రిపేరు, చాలా తిట్లు జరిగాయి. తిట్లన్నీ నాకే.

పై అంచు అంటే కెమెరాకి పై అంచు. ఆకాశానికి కాదు. టెలిస్కోపు నాలుగు సార్లు నాలుగు రకాలుగా తల వాల్చింది. నేనేం చేశాను? నాలుగు తలల్నీ జుట్టు పట్టుకుని నిటారుగా నిలబెట్టాను. కెమెరా కదలకుండా ఉంది, ఆకాశం గిర్రున తిరిగింది. కొక్కెం మీద కొక్కెం, దాని మీద కొక్కెం. నాలుగూ కలిసి కూర్చుని నన్ను చూసి నవ్వాయి. నేను కనిపెట్టింది కృష్ణబిలం కాదు, మీ టెలిస్కోపు ముక్కు మీద మొటిమ.

తప్పు నాది. రాశాను. చదివావు. ఇంకోసారి రాయమని అడగొద్దు.

సిగ్గేసి కంప్యూటర్ కట్టెయ్యబోయాను. ఏం పోయింది, ఒకసారి సరిగ్గా పేర్చి చూద్దామనిపించింది. ఈసారి ఆకాశంలో ఉత్తరం పైకి వచ్చేలా నాలుగూ తిప్పి పేర్చాను. నువ్వు చెప్పినట్టే కొక్కెం చెదిరి, పెద్ద చుక్క చుట్టూ మసకలా అయిపోయింది. పీడ పోయింది. ఆ తర్వాత బలమైన ఎక్స్‌రేలు మాత్రం ఉంచి బలహీనమైనవన్నీ తీసేశాను. దట్టమైన దుమ్ములోంచి బతికి బయటపడేవి అవేనని గుండీలు తిప్పుతూ నువ్వే అన్నావు కదా.

అక్కా, ఇంకో చుక్క ఉందే!

కొక్కెం దగ్గర కాదు. పెద్దదానికి బాగా ఎడంగా, గవ్వ నోరు తెరుచుకున్న చోట. నేను ఇన్నాళ్లూ ఆకాశాన్ని తిప్పి తిప్పి దాన్ని నాలుగు చోట్లకి చల్లేశాను, అందుకే కనబడలేదు. పట్టుమని పదిహేను ఫోటాన్లు కూడా లేవు. కానీ నాలుగు బొమ్మల్లోవీ వచ్చి అక్కడే పడ్డాయి. అక్కడే! ముందు అరిచాను, తర్వాత అన్న మళ్లీ కర్ర తెస్తాడని నోరు మూసుకున్నాను.

నాకు నా మీద ఇప్పుడు నమ్మకం లేదు. నువ్వు చూడు. ఈసారి ఒక్క చూపుతో కాదు. ఒక్కో బొమ్మా విప్పి చూడు. ఇదీ మొటిమే అయితే ఏదో మందు పేరు రాసి పంపు, నేను అర్థం చేసుకుంటాను.

చెల్లెలు


పరిశోధన భవనం, అదే బల్ల

ఒసేయ్ ఒసేయ్ ఒసేయ్,

నీ ఎర్ర గుర్తుల కథ చదువుతూ నవ్వడానికి నోరు తెరిచాను. రెండో సగానికి వచ్చేసరికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. పక్క బల్లావిడ నీళ్లు తెచ్చిచ్చింది.

నీ కోడ్ ముట్టుకోలేదు. కావాలనే ముట్టుకోలేదు. బొమ్మలు మళ్లీ మొదటినుంచీ దింపుకుని, నా పద్ధతిలో నేను చేశాను. ఉంది. గవ్వ నోటి దగ్గరే ఉంది. బలమైన ఎక్స్‌రేల్లో మాత్రమే ఉంది. మామూలు కాంతిలో తీసిన బొమ్మలో ఆ చోట నల్లటి దుమ్ము పట్టీ తప్ప ఏమీ లేదు. దుమ్ము వెనక ఏదో కూర్చుని భోంచేస్తోందే పిల్లా!

నేను కొట్టేసింది కొక్కేన్ని. కానీ దాంతోపాటు గెలాక్సీనే అవతల పారేశాను. నీ నాలుగు బొమ్మల్లో ఒక్కటైనా విప్పి ఉంటే నాకే కనబడేది. విప్పలేదు. ఇది నేను చేసిన పని, నేనూ రాశాను, నువ్వూ చదివావు.

ఇప్పుడు ఎగరకు. ఇంత కొద్ది ఫోటాన్లకి ఎవరూ నమ్మరు. వానలో నాలుగు చినుకులు ఒకే చోట పడటానికి కింద గిన్నె ఉండక్కర్లేదు కదా. కావాల్సింది ఒక పొడుగాటి చూపు, గవ్వ కోసమే, అదీ కొక్కెం గవ్వ నోటికి సరిగ్గా ఎదురు పక్కకి పోయే నెలల్లో. అప్పుడు అద్దం దోషం అని ఎవడూ నోరెత్తలేడు. టెలిస్కోపు టైము కోసం ప్రపంచమంతా వరసలో నిలబడి ఉంది. దరఖాస్తు గడువు ఇంకా వారమే ఉంది. నేను రాస్తాను. నీ లెక్కలన్నీ పంపు, ఏదీ దాచకుండా.

పెద్దాయనకి చూపించాను. కళ్లజోడు తీశారు. తుడుచుకోలేదు! అలాగే తెర మీదకి వంగిపోయారు. ఆయన్ని అలా చూడటం నాకు ఇదే మొదలు. "ఎవరు పట్టుకున్నారిది?" అన్నారు. బయటివాళ్లెవరో పంపారండీ అన్నాను. "ఎవరో గానీ కళ్లున్నవాళ్లు" అన్నారు. చూశావా, నీకు పెద్ద మెప్పే అది!

తొందరగా పంపు. నాకు కాలు నిలవట్లేదు.

అక్క


సర్వర్ల గది

బయటివాళ్లెవరో!

నీతో ఒకే మంచం మీద పడుకుని పన్నెండేళ్లు నీ తన్నులు తిన్న ఎవరో. నీకు జ్వరమొస్తే నీ హోంవర్కు, నీ రాతలా వంకరగా, కష్టపడి రాసిన ఎవరో. నువ్వు హాస్టల్‌కి పోతుంటే గేటు పట్టుకుని ఏడ్చిన ఎవరో, నీ పెట్టెలో తన ఒకే ఒక్క మంచి పెన్ను పెట్టిన ఎవరో.

ఎవరు పట్టుకున్నారని ఆయన మొహం మీదే అడిగాడు కదే. "మా చెల్లెలు" అనడానికి ఎంతసేపు పడుతుంది? రెండు మాటలు. అద్దం దోషం అనడానికి పట్టినంతసేపు.

నా లెక్కలు పంపుతున్నాను. తప్పుడు పేర్పుడుతో సహా అన్నీ ఉన్నాయి. నీ కోసం కాదు, గవ్వ కోసం. ఇందులో ఏ సంఖ్య తేడాగా అనిపించినా అడుగు, గంటలో జవాబిస్తాను. వేరే విషయం ఏదీ అడగొద్దు.

ఎవరో


పరిశోధన భవనం

చెల్లీ,

చిటపట అని రాసే ధైర్యం లేదు ఇవాళ. దరఖాస్తు పంపాక ఇన్ని నెలలూ నీకు ఒక్క ముక్క రాయలేకపోయాను.

నిజం చెప్తాను. కొత్తలో ఆ కొక్కెం పట్టుకుని పరిగెత్తానని రాశాను కదా. అది పెద్దాయన గదిలో ముగిసిపోలేదు. ఏడాది పాటు కారిడార్లో నన్ను కొక్కెం అనే పిలిచారు. "కొక్కెం గారూ, టీ తాగుతారా?" నేనూ నవ్వేదాన్ని. గదికెళ్లి ఏడ్చేదాన్ని. నీ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ టీయే గుర్తొచ్చింది. అదే చుక్క, అదే పక్క, ఈసారి నా చెల్లెలు పంపింది. "ఇంటిల్లిపాదికీ ఉందండీ ఈ జబ్బు" అంటారు, ఖాయం. అందుకే అంత తొందరగా కొట్టేశాను. గవ్వ నిజమని తేలాక చెప్దాం, తేలకపోతే నీ పేరు ఎవరి నోట్లోనూ నలగదు అనుకున్నాను. నిన్ను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. సగం నన్నే కాపాడుకున్నాను.

తిట్టు. కానీ ముందు ఇది విను.

టైము ఇచ్చారు!

ఇచ్చారే! అడిగినంతా ఇచ్చారు! పెద్దాయన నా బల్ల దగ్గరికొచ్చి కాగితం పెట్టారు. చదివాను. మళ్లీ చదివాను. లేచి పక్క బల్లావిడని కౌగలించుకుంటే ఆవిడ చేతిలో కాఫీ నా వీపు మీద పడింది, కాలినా తెలియలేదు. చూసేది ఇప్పుడే కాదు, కొక్కెం ఎదురు పక్కకి పోయే దాకా ఆగాలి, ఎండాకాలం దాటాలి. అంత పెద్ద టెలిస్కోపు ఒకరోజు పనులన్నీ ఆపి, తల తిప్పి, నువ్వు ఏసీల హోరులో పట్టుకున్న పదిహేను ఫోటాన్ల కోసం గుడ్లప్పగించి చూస్తుంది. ఊహించుకో.

నేను ఊహించుకుంటూ రెండుసార్లు దిగాల్సిన బస్టాపు దాటిపోయాను.

అక్క


సర్వర్ల గది

అక్కా,

ఎండలు పోయాయి, వానలు పట్టుకున్నాయి. నీ పోయిన ఉత్తరానికి జవాబు రాయలేదు. రాస్తే క్షమించేస్తానేమోనని భయం వేసింది. దగ్గర దగ్గరగా క్షమించేశాను కూడా.

ఇవాళ గవ్వ మా గదికి వచ్చింది.

పొద్దున నేను డ్యూటీలోకి వచ్చేసరికి ఆరో వరసలో డిస్కుల దీపాలు అదేపనిగా కొట్టుకుంటున్నాయి. ఏం దిగుతోందా అని తెర మీద చూశాను. పుక్కిలించే నంబరు. నా నంబరు! ఇనుప మెట్ల మీద కూర్చుండిపోయాను. జనరేటరు అన్నకి చెప్పాను, "అన్నా, దిగుతోంది, మనది దిగుతోంది" అని. ఆయనకి ముక్క అర్థం కాలేదు. అయినా ఏసీ గాలి ఆ వరసకి బాగా తగిలేలా పలక తిప్పాడు. ఇద్దరం పెళ్లివాళ్లలా నిలబడి దిగే దాకా చూశాం.

దిగాక తెరవబోయాను. తాళం. కొత్త బొమ్మల మీద ఏడాది దాకా దరఖాస్తులో పేరున్నవాళ్లకే హక్కట. తర్వాతే అందరికీ. పేర్లు కూడా చూపించింది. నీది ఉంది. పెద్దాయనది ఉంది. ఇంకో ఇద్దరివి ఉన్నాయి, వాళ్లెవరో నాకు తెలియదు, గవ్వ అంటే వాళ్లకి తెలుసా?

టైము వచ్చిందని రెండు పేజీలు రాశావు. బస్టాపులు రాశావు, కాఫీ రాశావు. ఈ ముక్క రాయలేదు.

ఒకటి చెప్పనా? ఈ గది తాళాలు నా నడుముకే వేలాడుతుంటాయి. ఆ డిస్కు బయటికి లాగి మళ్లీ పెట్టేది నేనే. తెరవాలంటే నాకు దారులు తెలియవనుకోకు. తెరవలేదు. పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వెచ్చగా ఉంది. నా అరచేతి కింద, ఇంత దూరంలో, ఉందో లేదో చెప్పే జవాబు ఉంది. దొంగతనంగా చూస్తే అది నాది కాకుండా పోతుంది, అంతే. చెయ్యి తీసేశాను.

కోపం రేపు పడతాను. ఇవాళ ఆరో వరస దగ్గరే తచ్చాడుతున్నాను. చూసుంటావు ఈపాటికి. ఉందా? లేదా? ఒక్క ముక్క రాయి.

చెల్లెలు


పరిశోధన భవనం, బల్ల మీద కాదు, నేల మీద కూర్చుని

ఉంది!

ఉంది, ఉంది, ఉందే నా తల్లీ!

నీకు చెప్పకూడదు. రూలు ప్రకారం మా పరిశోధన పేపరు బయటికొచ్చే దాకా ఎవరికీ చెప్పకూడదు. రూలు ఏట్లో కలవనీ.

పదిహేను ఫోటాన్లు కాదు, వందలు వచ్చాయి. మొదట పెద్ద చుక్క తేలింది. కొక్కెం ఎక్కడుందా అని చూశాను, ఉండాల్సినట్టే ఎదురు పక్కకి వెళ్లి బుద్ధిగా కూర్చుంది. తర్వాత గవ్వ నోటి వైపు చూడటానికి భయం వేసింది. నిజంగానే తెరకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పెద్దాయన "తియ్యమ్మా" అన్నారు. తీశాను. ఉంది! అంగుళం కదల్లేదు. గుండ్రంగా, గట్టిగా, నేనెప్పుడు కదిలానే అన్నట్టు కూర్చునుంది.

అక్కడితో అయిపోలేదు. కృష్ణబిలం చుట్టూ తిరిగే పదార్థంలో ఇనుము ఉంటుంది. ఎక్స్‌రే తగిలితే అది ఒకే ఒక్క శక్తి దగ్గర మెరుస్తుంది. వేలిముద్ర లాంటిది. ఆ మెరుపు పెద్ద చుక్కలో ఉంది, నీ చుక్కలోనూ ఉంది. రెండూ రాకాసులే. దుమ్ములో దాక్కుని ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్న జంట. పెద్దాయన కుర్చీ ఎక్కినంత పని చేశారు. మోకాళ్లు ఒప్పుకోలేదు కాబట్టి బల్ల మీద దరువేశారు. పక్క బల్లావిడ ఏడ్చేసింది, ఆవిడది అసలు ఈ విభాగమే కాదు.

రాత్రీ పగలూ కూర్చుని వారంలో పేపరు రాసేశాం. సోమవారం పంపుతున్నాం. దరఖాస్తులో ఉన్న నాలుగు పేర్లే ఉంటాయి. నీ పేరు చివర్లో కృతజ్ఞతల్లో వేయిస్తాను, సాంకేతిక సహాయం అని. పైన పెట్టాలంటే పెద్దాయనకి మొదటినుంచీ చెప్పాలి. బయటివాళ్లెవరో అని నోరారా అన్నాను కదా. ఇంత సంబరంలో ఇప్పుడెళ్లి, అబద్ధం చెప్పానండీ, ఆ ఎవరో మా చెల్లెలండీ అంటే మొహం ఎక్కడ పెట్టుకోను? తర్వాతి పేపరులో తప్పకుండా పెడతాను, ఒట్టు. నా పరిస్థితి అర్థం చేసుకో.

ముందు సంతోషించు! నీ గవ్వే ఇది!

అక్క


సర్వర్ల గది, ఇనుప మెట్ల మీద

అక్కా,

సంతోషించాను. నువ్వు చెప్పావని కాదు, ఆగలేక. "ఉంది" అన్న మొదటి ముక్క చదివి లేచి గంతులేస్తే తల పైన గాలి గొట్టానికి కొట్టుకుంది. బొప్పి కట్టింది. ఆ బొప్పితోనే ఆరో వరస దాకా వెళ్లి, ఆ పెట్టెని నాలుగుసార్లు తట్టి వచ్చాను. ఇనుము మెరుపు గురించి చదివినప్పుడైతే ఒళ్లంతా జిల్లుమంది. రెండూ రాకాసులే! దాన్ని దుమ్ములోంచి లాగింది మనం! మనం అని రాశాను చూడు, కోపంలో కూడా అదే వచ్చింది.

ఇక విను.

సాంకేతిక సహాయం అంటే నేను మీకు కాఫీ మిషను బాగుచేసి ఇచ్చానన్నమాట. నేను చేసింది అది కాదు. నువ్వు పారేసిన గెలాక్సీని నేను తిరిగి తెచ్చాను. దానికి ముందు తప్పుగా పేర్చి ఆకాశాన్ని తలకిందులు చేసింది కూడా నేనే, ఆ బొమ్మ కూడా పేపర్లో వెయ్యి, నా పేరుతోనే వెయ్యి. అంచులు కలిపి పేర్చేవాళ్లు ఇంకెంతమంది ఉన్నారో, వాళ్లు పారేసుకున్న జంటలు ఎన్ని ఉన్నాయో, చూసి తెలుసుకోనీ. నవ్వేవాళ్లు నవ్వుకుంటారు. నన్ను ఏ కారిడార్లో ఏమని పిలిచినా పలుకుతాను.

తర్వాతి పేపరు నాకొద్దు. తర్వాతి పేపరులో గవ్వ ఉండదు.

పెద్దాయనకి నేను రాయను. రాయలేక కాదు. నేను రాస్తే నువ్వు అబద్ధం ఆడిన మనిషివైపోతావు. నువ్వు వెళ్లి చెప్తే, భయపడి చెల్లెల్ని దాచుకున్న అక్కవి, అంతే. ఆ రెంటికీ చాలా తేడా ఉంది, ఆ తేడా నీ చేతిలోనే వదిలేస్తున్నాను. ఇన్నేళ్లలో ఇంతకంటే ప్రేమగా నీకు ఏదీ రాయలేదు, గుర్తుపెట్టుకో.

అలాగని చేతులు కట్టుకుని కూర్చుంటానని అనుకోకు. నా నాలుగు పాత బొమ్మలకి తాళం లేదు. అవి అందరివీ. సోమవారం మీ పేపరు నా పేరు లేకుండా పోతే, అదే రోజు నా నాలుగు బొమ్మలు, నా తప్పుడు పేర్పుడు, నా సరైన పేర్పుడు, నా లెక్కలు, తేదీలతో సహా, నా పేరుతో మీ పేజీలోనే పెడతాను. నీ కొత్త బొమ్మ మాట ఒక్క అక్షరం రాయను. రాయక్కర్లేదు. పెద్దాయనకి కళ్లున్నాయి, ఎవరిది ముందో ఆయనే చదువుకుంటారు.

ఇప్పుడే లేచి ఆయన గదికి వెళ్లు. పక్క బల్లావిడని తోడు తీసుకెళ్లు, నీళ్లు అందించడానికి పనికొస్తుంది. చెప్పు. చెప్పాక పేర్ల వరసలో నాది నీ పక్కన పెట్టించు. ముందా వెనకా అని నేను అడగను. పక్కన.

ఒట్లు వద్దు, ఉత్తరం కూడా వద్దు. పేపరు మొదటి పేజీ పంపు. శుక్రవారం సాయంత్రం నేను డ్యూటీ దిగేలోపు అది నా చేతిలో ఉండాలి.

నీ చెల్లెలు